సిసిరో ఎలాంటి మనిషి? అతని రాజకీయ రచనల్లో ఏది ముందు చదవాలి?

మీ ప్రశ్న ఇది: క్రీ.పూ. మొదటి శతాబ్దపు రోమన్ రాజకీయ నాయకుడు, వక్త అయిన సిసిరో పిరికివాడని, ఎప్పుడూ తన గొప్పలే చెప్పుకునేవాడని కొందరంటారు. రోమ్‌లో రాజనీతి గురించి అంత బాగా రాసినవాడు లేడని మరికొందరంటారు. ఎవరి మాట నమ్మాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇద్దరి మాటా నిజమే. అతని పుస్తకాలను, అతను మిత్రులకు రాసిన ఉత్తరాలను కలిపి చదవండి. పుస్తకాలు మాత్రమే చదివితే మహర్షిలా కనిపిస్తాడు, ఉత్తరాలు మాత్రమే చదివితే ఊగిసలాడే మనిషిలా కనిపిస్తాడు.

నేను సివిల్స్‌కి ప్రిపేర్ అవుతూ ఎథిక్స్ పేపర్ కోసం 'విధుల గురించి' అనే అతని పుస్తకం పట్టుకున్నాను. లాటిన్‌లో దాని పేరు 'డి అఫీషియిస్'. కొటేషన్లు ఏరుకుందామని మొదలుపెట్టిన నన్ను అందులోని మూడో భాగం కట్టిపడేసింది. రోడ్స్ దీవిలో కరువు. అలెగ్జాండ్రియా నుంచి ఒక వర్తకుడు ఓడ నిండా ధాన్యంతో వస్తాడు. వెనకాల ఇంకా చాలా ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు. ఆ సంగతి కొనేవాళ్ళకు చెప్పాలా, లేక నోరు మూసుకుని మంచి రేటుకు అమ్ముకోవాలా? సిసిరో రెండు వైపుల వాదనలూ ఓపిగ్గా వినిపించి, దాచకూడదని తేల్చేస్తాడు. ఆ పేపర్లో ఇచ్చే కేస్ స్టడీలు కూడా సరిగ్గా ఇలాగే ఉంటాయి.

తర్వాత ఉత్తరాలకు వచ్చాను. 900కు పైగా మిగిలాయి, అందులో దాదాపు సగం అట్టికస్ అనే ఆప్తమిత్రుడికి రాసినవి. ఇప్పుడు నేను సహకార బ్యాంకులో అప్పుల వసూళ్ళ విభాగంలో పనిచేస్తున్నాను. అందుకేనేమో, వాటిలో సలామిస్ అప్పు గొడవ నాకు మిగతా వాటికంటే ఎక్కువ గుర్తుండిపోయింది.

క్రీ.పూ. 51లో సిసిరో కిలికియాకు గవర్నరుగా వెళ్ళాడు. అది ఇప్పటి టర్కీ దక్షిణ ప్రాంతం. సైప్రస్ కూడా అతని పాలన కిందే ఉండేది. ఆ దీవిలోని సలామిస్ నగరం స్కాప్టియస్, మాటినియస్ అనే ఇద్దరికి బాకీ ఉంది. వడ్డీ ఏడాదికి 48 శాతం. రోమన్లు కూడా మనలాగే నెలకు నూటికి ఇంత అని లెక్క కట్టేవాళ్ళు కాబట్టి, మన ఊళ్ళ భాషలో నూటికి నాలుగు రూపాయల వడ్డీ. అంతకుముందున్న గవర్నరు స్కాప్టియస్‌కు ఒక అధికార పదవి, గుర్రపు దళం ఇచ్చాడు. స్కాప్టియస్ ఆ దళంతో నగర సభను చుట్టుముడితే, లోపల చిక్కుకున్న సభ్యుల్లో అయిదుగురు ఆకలితో చచ్చిపోయారు.

సిసిరో వస్తూనే ఆ దళాన్ని దీవి నుంచి వెళ్ళగొట్టాడు. తన పాలనలో నూటికి రూపాయికి మించి వడ్డీ చెల్లదని ముందే ప్రకటించాడు. నగరం వాళ్ళు ఆ లెక్కన కడతామన్నారు. గవర్నర్లకు ముట్టజెప్పుకునే సొమ్ము మీరు పుచ్చుకోలేదు, కాబట్టి ఒకరకంగా మీ డబ్బుతోనే బాకీ తీరుస్తున్నాం అని కూడా చెప్పారు. ఆ తర్వాత బయటపడింది, అసలు అప్పిచ్చినవాడు బ్రూటస్ అని. తర్వాత రోమ్ నియంత సీజర్‌ను పొడిచిన బ్రూటసే, నీతిమంతుడని రోమ్ అంతా చెప్పుకునే బ్రూటస్.

స్కాప్టియస్‌కు ఓ యాభై మంది గుర్రపు సైనికుల్ని ఇవ్వకూడదా అని స్వయానా అట్టికసే సిఫారసు చేశాడు. సిసిరో ఒప్పుకోలేదు. అలాంటి పని చేస్తే, నువ్వు అంతగా పొగిడే ఆ పుస్తకాలను నేను మళ్ళీ ముట్టుకోగలనా అని తిరిగి రాశాడు. ఆ పుస్తకాలంటే 'డి రిపబ్లికా'. రాజ్యం అంటే ప్రజల సొత్తు అని, ప్రజలంటే ఊరికే పోగైన గుంపు కాదని, న్యాయం విషయంలో ఏకాభిప్రాయం, ఉమ్మడి ప్రయోజనం కలిపిన సమాజమని చెప్పిన గ్రంథం అది. ఆ గ్రంథం అప్పుడే రోమ్‌లో అందరి చేతుల్లో తిరుగుతోంది. తాను రాసిన మాటకు తానే కట్టుబడి ఉండాల్సి వచ్చిన రాజకీయ నాయకుణ్ణి ఇంత దగ్గరగా నేను ఇంకెక్కడా చూడలేదు.

అయితే కథ అక్కడితో ఆగలేదు. వడ్డీ ఆగిపోయేలా డబ్బును గుడిలో జమ చేస్తామని నగరం వాళ్ళు అడిగితే, స్కాప్టియస్ బతిమాలాడని సిసిరో వద్దన్నాడు. తీర్పు చెప్పకుండా వ్యవహారాన్ని నాన్చి, తర్వాత వచ్చే గవర్నరుకు వదిలేసి వెళ్ళిపోయాడు. బ్రూటస్‌తో చెడుతుందని భయం. సలామిస్ వాళ్ళకు అది అన్యాయమే, నేను దాన్ని వెనకేసుకురాను. పిరికివాడన్న మాటకు ఆధారం అడిగితే ముందు ఇదే చూపిస్తాను. రోమ్ ప్రభుత్వాన్ని కూలదోయాలని కాటిలైన్ అనే నాయకుడు పన్నిన కుట్రలో దొరికిన అయిదుగురిని క్రీ.పూ. 63లో విచారణ లేకుండా చంపించడం వేరే సంగతి. అందులో లోపించింది ధైర్యం కాదు, చట్టం. అయిదేళ్ళకు దానివల్లే ప్రవాసం పోవాల్సి వచ్చింది.

సీజర్ హత్య తర్వాత, క్రీ.పూ. 44 చివర్లో, ఏథెన్స్‌లో చదువుకుంటున్న కొడుకు కోసం 'విధుల గురించి' రాశాడు. అందులో రెండో భాగం చివర ఒక మాట వస్తుంది. వడ్డీ వ్యాపారం గురించి ఏమంటావని పాతతరం రోమన్ నాయకుడు పెద్ద కేటోను ఎవరో అడిగితే, 'మనిషిని చంపడం గురించి నువ్వేమంటావు?' అని ఎదురడిగాడట. సలామిస్ ఉత్తరాలు చదివి ఆ పేజీకి వస్తే ఒళ్ళు జలదరిస్తుంది. అదే రోజుల్లో సిసిరో, సీజర్ అనుచరుడైన ఆంటోనీకి వ్యతిరేకంగా వరుసగా ప్రసంగాలు చేశాడు. 14 మిగిలాయి. అప్పటికి అరవై దాటాయి, ఊరుకుంటే ప్రాణం దక్కేదేమో. ఊరుకోలేదు. క్రీ.పూ. 43 డిసెంబరు 7న ఆంటోనీ మనుషులు అతన్ని చంపారు. తలను, ఆ ప్రసంగాలు రాసిన చేతిని రోమ్‌లో ప్రసంగ వేదిక మీదే పెట్టించాడు ఆంటోనీ. అందుకే ఒట్టి పిరికివాడు అనేస్తే నేను ఒప్పుకోను.

చదవడానికైతే 'విధుల గురించి' మూడో భాగంతో మొదలుపెట్టండి. ఆ తర్వాత అట్టికస్ ఉత్తరాల్లో అయిదో సంపుటం చివరి ఉత్తరం, ఆరో సంపుటంలో మొదటి రెండూ చదవండి. 'డి రిపబ్లికా' ఆఖరికి పెట్టుకోండి. అది పూర్తిగా దొరకలేదు. 1819లో వాటికన్ గ్రంథాలయంలో, బైబిల్ కీర్తనల మీద అగస్టీన్ అనే క్రైస్తవ గురువు రాసిన వ్యాఖ్యానం ఉన్న తోలు కాగితాల అడుగున చెరిపేసిన రాతగా బయటపడింది. మధ్యమధ్యలో పేజీలకు పేజీలే లేవు కాబట్టి, మనిషి గురించి కొంచెం తెలిశాక చదివితేనే అందులో ఏం చెబుతున్నాడో పట్టుబడుతుంది.