తెల్ల కోటుకు బ్లీచింగ్ పెట్టకండి

ప్రశ్న: జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) రెండో ఏడాది చదువుతున్నాను. తెల్ల కోటు మీద బెటాడిన్ ఒలికితే బ్లీచింగ్‌లో నానబెట్టాను. మరక పోయింది గానీ కోటంతా పసుపుపచ్చగా మారింది. మళ్లీ తెల్లబడుతుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

మీది బోరు నీళ్లేనా? బకెట్లో రాత్రంతా ఉంచి చూడండి. తెల్లారేసరికి అడుగున ఎర్రటి మడ్డి పేరుకుంటే నీళ్లలో ఇనుము ఉన్నట్టే. బ్లీచింగ్ తగిలితే ఆ ఇనుము తుప్పుగా మారి నూలుకు పట్టేస్తుంది. ముందు కోటును మూడు నాలుగు నీళ్లలో జాడించి, బ్లీచింగ్ వాసన పూర్తిగా పోనివ్వండి. ఆ తర్వాతే లీటరు గోరువెచ్చని నీళ్లకు చెంచాడు నిమ్మఉప్పు కలిపి అరగంట నానబెట్టండి. బ్లీచింగ్, నిమ్మఉప్పు కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, జాగ్రత్త. సాగే గుడ్డయితే మాత్రం ఆశ పెట్టుకోకండి. అందులోని స్పాండెక్స్ పోగు బ్లీచింగ్‌కు పచ్చబడిందంటే ఇక తెల్లబడదు.

బెటాడిన్‌కు అసలు బ్లీచింగే అక్కర్లేదు. 500 మిల్లీగ్రాముల విటమిన్ సి మాత్రను పొడి చేసి, అర గ్లాసు నీళ్లలో కలిపి మరక మీద పోయండి. గోధుమరంగు కళ్లముందే వెలిసిపోతుంది. బెటాడిన్‌లోని అయోడిన్ రంగులేని అయోడైడ్‌గా మారడమే కారణం. చప్పరించే నారింజరంగు మాత్రలు వద్దు, ఆ రంగు కోటుకు అంటుకుంటుంది. నెత్తురు మరకకు చన్నీళ్లే. వేడినీళ్లు పోస్తే కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకట్టి పోగుల్లో ఉండిపోతుంది.

ప్రశ్న: బ్రిటన్‌లో ఉద్యోగం వచ్చింది. గాజులు, మంగళసూత్రం తీసేయాల్సిందేనా? యూనిఫాం ఇంట్లో ఉతుక్కోవచ్చా?
– ఒక స్టాఫ్ నర్స్, గుంటూరు

రోగిని తాకే పనిలో మోచేతుల కింద ఏమీ ఉండకూడదని అక్కడి ఆరోగ్యశాఖ 2007లోనే చెప్పింది. గాజులు, వాచీ, చేతికి కట్టిన రక్ష అన్నీ తీయాల్సిందే. రాయి లేని ఒక్క ఉంగరాన్ని మామూలుగా ఒప్పుకుంటారు. ఇది మతానికి అడ్డుపడడం కాదు. గాజుల కింద మణికట్టుకు శానిటైజర్ అందదు, గ్లవుజు అంచు సరిగా కూర్చోదు. టైముకు ఛాతీ మీద తలకిందులుగా వేలాడే పిన్ను వాచీ కొనుక్కోండి. మంగళసూత్రం మెడలోది కాబట్టి ఈ నియమం కిందికి రాదు. కానీ పొడవు నల్లపూసల దండ వంగినప్పుడల్లా రోగి మీద ఊగుతుంది. పొట్టిది చేయించుకుని లోపలికి వేసుకోండి. ఆపరేషన్ థియేటర్ సంగతి వేరు, ఆ ఆసుపత్రి రూలేంటో చేరిన రోజే అడగండి.

ఇంట్లో ఉతకొచ్చు. 60 డిగ్రీల వేడిలో 10 నిమిషాలు ఉతికితే సూక్ష్మజీవులు దాదాపు అన్నీ పోతాయి. 30 డిగ్రీల దగ్గర పెట్టి విద్యుత్తు ఆదా చేయకండి. మిషన్ మరీ కుక్కితే నీళ్లు గుడ్డ మధ్యకు చేరవు. వేరే బట్టలతో కలపకుండా విడిగా వేయండి.