నాన్నగారి చేతిలో గుడ్డముక్కలు

ప్రశ్న: మా నాన్నగారికి 79 ఏళ్లు. బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైరయ్యారు. డిమెన్షియా ముదరడంతో ఆరు నెలల కిందట సంరక్షణ కేంద్రంలో చేర్చాం. పోయిన వారం నేను వెళ్లేసరికి ఆయన ముందు టేబుల్ మీద రంగురంగుల గుడ్డముక్కలున్నాయి. ఒక్కోటీ తీసి దొంతరగా పేరుస్తున్నారు, అంచులు టేబుల్‌కేసి తడుతున్నారు, మధ్యమధ్య వేలు తడి చేసుకుంటున్నారు, మళ్లీ మొదటి నుంచి తీస్తున్నారు. పక్కన ఒకావిడ బొమ్మను జోకొడుతోంది. అటువైపు నలుగురు బెలూన్ ఎగరేస్తున్నారు. నాకు కడుపు తరుక్కుపోయింది. ఆ గుడ్డలు లాక్కుని పక్కన పడేసి, సిబ్బందితో గొడవపడ్డాను. నాన్నగారు చాలాసేపు ఖాళీ టేబుల్‌ను అరచేత్తో తడుముతూనే ఉన్నారు. అన్నయ్యేమో ‘వాళ్లకు తెలుసులే, నువ్వు దూరకు’ అంటాడు. అంత హుందాగా బతికిన మనిషిని పసిపిల్లాణ్ని చేస్తున్నారనిపిస్తోంది. ఇవన్నీ ఆపించమని అడగనా? – ఒక కూతురు

జవాబు: అమ్మా, మీరు రాసిన దొంతర, అంచులు తట్టడం, వేలు తడి చేసుకోవడం దగ్గర నేను ఆగిపోయాను. మరోసారి చదవండి. క్యాష్ కౌంటర్లో కూర్చున్న మనిషి రోజంతా చేసే పనేమిటి? నాకైతే మీ నాన్నగారు గుడ్డలతో ఆడుకుంటున్నట్లు అనిపించలేదు. కట్ట సరిచూస్తున్నారనిపించింది. నా ఊహ తప్పయినా కావచ్చు. కానీ మీరు వాటిని లాక్కున్నాక ఆయన టేబుల్ తడిమారంటే, సగంలో ఆగిన పనేదో ఆ చేతుల్లో మిగిలే ఉంది.

దీనికి కారణం ఉంది. డిమెన్షియాకు ఎక్కువమందిలో కారణమయ్యే జబ్బు అల్జీమర్స్. దాని తొలినాళ్లలోనే మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగం దెబ్బతింటుంది. కొత్త సంగతులు నిలబెట్టుకునేది అదే. అందుకే పొద్దున మీరొచ్చిన సంగతి సాయంత్రానికి ఉండదు. ఏళ్ల తరబడి చేతులకు అలవాటైన పని మాత్రం మెదడులో వేరే దారుల్లో దాగి ఉంటుంది, చాలాకాలం నిలుస్తుంది. మనవరాలి పేరు మరిచిపోయిన మనిషి దుప్పటి అంచుకు అంచు కలిపి మడత పెట్టగలగడం అందుకే. పాటలూ అంతే. మాట తడబడే వాళ్లు కూడా వయసులో ఉన్నప్పుడు విన్న పాట ఎత్తుకుంటే చరణం దాకా వెళ్లిపోతారు.

ఇక అక్కడ మీరు చూసినవన్నీ ఒక్క గాటన కట్టేయకండి. బెలూన్ మెల్లగా వస్తుంది, తగిలినా నొప్పి ఉండదు. కుర్చీలో కూర్చునే చేయి చాచి, ఒళ్లు కదిపించే సాధనం అది. బొమ్మ సంగతి వేరు. దాన్ని ఒళ్లో పెట్టుకుంటే కొందరి ఆందోళన తగ్గుతుంది, కొందరికి చిరాకు. అడక్కుండా చేతిలో పెట్టేయడం నాకు నచ్చదు. కనబడే చోట ఉంచి, తీసుకుంటే సరే, లేకపోతే వదిలేయాలి. లైట్లు, మెత్తటి వస్తువులు, సన్నటి సంగీతం నింపిన ప్రత్యేక గదులూ కొన్ని కేంద్రాల్లో ఉంటాయి. స్నూజెలెన్ అంటారు. 1970ల్లో నెదర్లాండ్స్‌లో, మానసిక ఎదుగుదల లోపం ఉన్నవాళ్ల కోసం మొదలైంది. వాసన చూడటం, కునుకు తీయడం అనే అర్థాలున్న రెండు డచ్ మాటలు కలిపి పెట్టిన పేరది. అది చాలామందికి హాయిగానే ఉంటుంది. కానీ డిమెన్షియాలో శాశ్వతమైన మేలు ఎంతన్నది పరిశోధనల్లో గట్టిగా తేలలేదు. అలాంటి గది లేదని మీరు బెంగపడనక్కర్లేదు.

అలాగని మీ కోపం పూర్తిగా తప్పనడం లేదు. డిమెన్షియా ఉన్నవాళ్లను పసిపిల్లల్లా చూడటం వాళ్ల వ్యక్తిత్వాన్ని దెబ్బతీస్తుందని టామ్ కిట్‌వుడ్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త 1990ల్లోనే గట్టిగా చెప్పాడు. అయితే అది వస్తువులో కాదు, మాటలో, చూపులో కనబడుతుంది. అదే గుడ్డల దొంతర ముందు పెట్టి ‘సార్, ఇవి కాస్త సర్దిపెడతారా?’ అంటే ఒక తీరు. ‘అబ్బో, భలే చేశావే బుజ్జీ’ అని చప్పట్లు కొడితే ఇంకో తీరు. మీరు గమనించాల్సింది ఇది. ఆయన్ను సార్ అంటున్నారా, వద్దని తల తిప్పుకుంటే ఆపేస్తున్నారా, పక్కన ఎవరైనా కూర్చుంటున్నారా, లేక గుడ్డలు పడేసి వెళ్లిపోతున్నారా? చివరిదే జరుగుతుంటే అప్పుడు తప్పకుండా అడగండి. అప్పుడూ గొడవగా వద్దు.

మొన్నటి గొడవ గురించి ఒక మాట. అంతమందిలో నాన్నను అలా చూడగానే గుండె ఆగినంత పనవుతుంది, ఆ దుఃఖమే సిబ్బంది మీద విరుచుకుపడింది. ఒకసారి వెళ్లి ‘ఆ రోజు తొందరపడ్డాను’ అనండి చాలు. తర్వాత ఆయన గురించి వాళ్లకు తెలియనివి చెప్పండి. ఎక్కడ పనిచేశారు, కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా, ఏం పాటలు వినేవారు, దేనికి చిరాకుపడేవారు... ఒక్క కాగితం మీద రాసివ్వండి. పాపం, వాళ్లు చూస్తున్నది పేరు, వయసు, మందుల చీటీ ఉన్న మనిషిని. క్యాషియర్ అని వాళ్లకెవరైనా చెప్పారా అసలు? మీ అన్నయ్య అన్నదాంట్లో సగం నిజం. వాళ్లకు జబ్బు గురించి తెలుసు, మీ నాన్నగారి గురించి మీకే తెలుసు.

ఈసారి వెళ్లేటప్పుడు నోటు సైజులో కత్తిరించిన కాస్త మందం కాగితాలు ఓ వంద తీసుకెళ్లండి. వేలు తడి చేసుకునే అలవాటుంది కాబట్టి రంగు అంటని కాగితమైతే మంచిది. టేబుల్ ముదురు రంగుదైతే కాగితం లేత రంగుది తీసుకోండి, రెండూ ఒకే రంగైతే ఆయన కంటికి విడిగా ఆనవు. రబ్బరు బ్యాండ్లు, పిన్నులు, గుండీల వంటి చిన్న వస్తువులు వద్దు, నోట్లో పెట్టుకునే ప్రమాదముంది. సెంట్ల మీద కూడా ఆశపెట్టుకోకండి, ఈ జబ్బులో వాసన పసిగట్టే శక్తి ముందే తగ్గుతుంది. పొద్దుటి పూట వెళ్లండి. సాయంత్రమయ్యేకొద్దీ చాలామందికి కంగారు ఎక్కువవుతుంది. కళ్లజోడు, వినికిడి మిషన్ ఉంటే పెట్టారో లేదో చూడండి. టీవీ కట్టేయించండి. పక్క నుంచి కాకుండా ఎదురుగా వచ్చి కూర్చోండి.

ఏమీ చెప్పకుండా మీరే రెండు కాగితాలు పేర్చి, అంచు తట్టి, మిగతావి ఆయన ముందుకు జరపండి. తీసుకోకపోతే బలవంతం వద్దు. పది నిమిషాలకే విసుగొస్తే అక్కడితో ఆపేయండి. తీసుకుని లెక్కపెట్టడం మొదలుపెడితే మీరు కౌంటర్ ఇవతలే ఉండండి. ముప్పై తర్వాత పదిహేడు అన్నా సరే, లెక్క తప్పిందని మాత్రం చెప్పకండి.