గోల్డ్ ఫిష్ తొట్టి: నీళ్ళన్నీ మార్చాక చేపలు ఎందుకు చనిపోతున్నాయి?

ప్రశ్న: మా ఇంట్లో రెండడుగుల గాజు అక్వేరియంలో నాలుగు గోల్డ్ ఫిష్‌లు పెంచుతున్నాం. పదిహేను రోజులకోసారి నీళ్ళన్నీ తీసేసి, గులకరాళ్ళు, ఫిల్టర్ స్పాంజి కుళాయి కింద కడిగి కొత్త నీళ్ళు నింపుతాం. రోజుకు మూడు పూటలా మేత వేస్తాం. కిందటిసారి కడిగిన రెండో రోజుకే నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. రెండు చనిపోయాయి. లోపం ఎక్కడ ఉంది? మేత ఎంత వేయాలి?

జవాబు: మీ తొట్టికి కడగడం ఎక్కువైంది, మేత కూడా ఎక్కువైంది. ఈ రెండూ ఒకేసారి మీద పడటంతో చేపలు అమ్మోనియా బారిన పడ్డాయి.

చేప మొప్పల గుండా రోజంతా అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. దాని విసర్జన, తినకుండా అడుగున పడిన మేత కుళ్ళినా వచ్చేది అమ్మోనియానే. చెరువులో నీరు ఎక్కువ కాబట్టి అది పలచబడిపోతుంది. మీ గాజు తొట్టిలో దాన్ని హాని లేని రూపంలోకి మార్చే పని బ్యాక్టీరియా చేయాలి. నైట్రోసోమోనాస్ వంటివి అమ్మోనియాను నైట్రైట్‌గా మారిస్తే, నైట్రోస్పైరా వంటివి నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ చేపకు విషం. నైట్రేట్ మాత్రం బాగా పేరుకుంటే తప్ప పెద్దగా హాని చేయదు. ఈ బ్యాక్టీరియా నీటిలో తేలుతూ ఉండేది తక్కువ. స్పాంజి రంధ్రాల్లో, రాళ్ళ మీద, గాజు మీద జిగురు పొరలా అంటుకుని బతుకుతుంది. చేత్తో తాకితే జారుడుగా తగిలే ఆ పొరనే మీరు మురికి అనుకుని ప్రతిసారీ కడిగేస్తున్నారు. కుళాయి నీటిలోని క్లోరిన్ మిగిలినదాన్ని కూడా చంపుతుంది. అది తిరిగి పూర్తిగా ఏర్పడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు రెండు వారాలకే మళ్ళీ కడుగుతున్నారు కాబట్టి మీ తొట్టి ఎప్పుడూ కొత్త తొట్టిలాగానే ఉండిపోతోంది.

పాలలాంటి తెలుపు వేరే రకం బ్యాక్టీరియా వల్ల వస్తుంది. మిగిలిన మేతను తింటూ అది ఒక్కసారిగా పెరిగి, నీటిలోని ప్రాణవాయువును వాడేస్తుంది. మేత ఆపితే కొద్ది రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. తెల్లబడిందని మళ్ళీ నీళ్ళన్నీ మారిస్తే మొదటికొస్తుంది.

ఇప్పుడు మిగిలిన రెండు చేపలకు రెండు రోజులు మేత పూర్తిగా ఆపండి. ఎయిర్ పంపు రాత్రీ పగలూ నడపండి. నీటి పరీక్ష కిట్ తెచ్చి అమ్మోనియా, నైట్రైట్ చూడండి. ఏది లీటరుకు 0.25 మిల్లీగ్రాములు దాటినా ఆ రోజు పావు వంతు నీరు మార్చండి. మీ తొట్టి కొలతలు 60 సెం.మీ. పొడవు, 30 వెడల్పు, నీటి ఎత్తు 27 అనుకుంటే, మూడూ గుణించి వెయ్యితో భాగిస్తే సుమారు 49 లీటర్లు. రాళ్ళు పోను 45 లీటర్లు లెక్క వేసుకోవచ్చు. అంటే పావు వంతుకు 11 లీటర్లు.

చేప మొప్ప మూత తెరిచినప్పుడు గమనించండి. మొప్పలు ఎర్రగా వాచినట్లుంటే అమ్మోనియాను, గోధుమ రంగుకు తిరిగి ఉంటే నైట్రైట్‌ను అనుమానించాలి. నైట్రైట్ చేరిన రక్తం ప్రాణవాయువును మోయలేదు. నీటిలో గాలి ఎంత ఉన్నా చేప ఆయాసపడుతుంది. అలాంటప్పుడు లీటరుకు ఒక గ్రాము చొప్పున 45 గ్రాముల ఉప్పును విడిగా నీటిలో కరిగించి, కొన్ని గంటల వ్యవధిలో మూడు విడతలుగా పోయండి. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల గుండా నైట్రైట్ లోపలికి పోకుండా అడ్డుపడుతుంది. తొట్టిలో మొక్కలుంటే ఉప్పు వేయకండి.

కొత్త నీరు పోసేటప్పుడే చాలామంది పొరపాటు పడతారు. కుళాయి నీటిని వెడల్పాటి బకెట్‌లో పట్టి, ఎయిర్ స్టోన్ (ఎయిర్ పంపు గొట్టం చివర బుడగలు వదిలే రాయి) వేసి 24 గంటలు ఉంచితే క్లోరిన్ పోతుంది. మీ నీటి సరఫరాలో క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన శుద్ధి మందు) వాడుతుంటే మాత్రం నిలవ ఉంచినా పోదు. యాంటీ క్లోరిన్ మందును సీసా మీద రాసిన మోతాదులో కలపాల్సిందే. బోరు నీటిలో క్లోరిన్ ఉండదు, కానీ ప్రాణవాయువు తక్కువగా ఉండవచ్చు. దాన్ని కూడా ఒక రాత్రి గాలి ఆడించి వాడండి. పాత నీటికీ కొత్త నీటికీ ఉష్ణోగ్రత తేడా 2 డిగ్రీల లోపు ఉండాలి.

ఉదజని సూచిక (పీహెచ్) సంగతి కూడా ముఖ్యం. 25 డిగ్రీల నీటిలో సూచిక 7 ఉంటే, మొత్తం అమ్మోనియాలో విష రూపంలో ఉండేది ఒక శాతం లోపే. అదే 8కి చేరితే ఐదు శాతం దాటుతుంది. చాలాకాలం నీరు మార్చని తొట్టి క్రమంగా ఆమ్లంగా మారుతుంది. అందులో క్షారగుణం గల కొత్త నీరు ఒక్కసారిగా ఎక్కువ పోస్తే, అప్పటిదాకా హాని చేయని అమ్మోనియా గంటల్లో విషంగా మారుతుంది. కొద్దికొద్దిగా, తరచుగా మార్చమని చెప్పేది ఇందుకే.

నీరు కుదుటపడ్డాక వారానికోసారి పావు వంతు మారిస్తే చాలు. అరంగుళం పైపును రాళ్ళలోకి గుచ్చి నీటిని లాగితే గోధుమ రంగు మడ్డి పైకి వస్తుంది. ఒక వారం కుడి సగం, మరో వారం ఎడమ సగం అలా లాగండి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన పాత నీటిలోనే, నెలకోసారి, రెండు మూడుసార్లు పిండండి. సబ్బు పనికిరాదు. ఫిల్టర్ గంటకు 200 లీటర్ల నీటిని తిప్పేదై ఉండాలి. రాత్రిళ్ళు ఆపేస్తే స్పాంజిలోని బ్యాక్టీరియా ప్రాణవాయువు అందక చనిపోతుంది.

మేత విషయానికొస్తే, గోల్డ్ ఫిష్‌కు పొట్ట సంచి లేదు. తిన్నది నేరుగా పేగులోకి పోతుంది కాబట్టి ఎప్పుడు చూసినా ఆకలిగానే కనిపిస్తుంది. గాజు దగ్గరికి వచ్చి తోక ఆడించినంత మాత్రాన మేత వేయకండి. పెద్ద చేపకు రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో పూర్తిగా తినగలిగినంత చాలు. మొదటి రోజు గుళికలు లెక్కపెట్టి వేయండి, ఎన్ని తిన్నాయో చూస్తే మీ కొలత తెలుస్తుంది. మిగిలినవి వలతో తీసేయండి. గుళిక నోటి కన్నా చిన్నదిగా, మునిగే రకమై ఉంటే మేలు. తేలే మేత తింటూ గాలి మింగిన గుండ్రటి చేపలు తలకిందులు కావచ్చు. గుళికలను తొట్టి నీటిలో కాసేపు నానబెట్టి వేయండి. వారానికొక రోజు మేత మానేసినా నష్టం లేదు. ఇంకో రోజు ఉడికించి తొక్క తీసిన పచ్చి బఠాణీని చిన్న ముక్కలు చేసి వేయవచ్చు. మేత డబ్బాకు తేమ తగలనీయకండి. మూత తీశాక మూడు నెలల్లో వాడేయాలి, బూజు వాసన వస్తే పారేయాలి.

ఊరికి వెళ్ళేటప్పుడు మేత వేయమని ఎవరికైనా అప్పగిస్తే ఒక్కో రోజుకు సరిపడేది విడివిడి పొట్లాలు కట్టి ఇవ్వండి, డబ్బా ఇవ్వకండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు వారం రోజులు మేత లేకున్నా తట్టుకుంటాయి.

చనిపోయిన వాటి స్థానంలో కొత్తవి తేకండి. గోల్డ్ ఫిష్ రకాన్ని బట్టి 20 సెం.మీ. దాటి కూడా పెరుగుతుంది. ఉన్న రెండింటికే 45 లీటర్లు త్వరలో ఇరుకవుతుంది. వీలైనప్పుడు 100 లీటర్లకు పైబడిన తొట్టికి మార్చండి. అప్పుడు పాత స్పాంజిని ఆరనివ్వకుండా, కడగకుండా, అదే రోజు కొత్త తొట్టిలో బిగించి నడపండి.