భయపడితే విశ్వాసం లేనట్టేనా?

ప్రశ్న: మాది గుంటూరు. నా వయసు 41. 16 ఏళ్లుగా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. పిల్లలు విదేశాల్లో ఉండి, ఇక్కడ మంచం పట్టిన పెద్దవాళ్లకు ఇంటికే వెళ్లి నర్సింగ్ చేసే చిన్న సర్వీసు పెట్టాలని రెండేళ్లుగా ప్రార్థిస్తున్నాను. కొత్త సంవత్సరం ఆరాధనలో నాకు వాగ్దానంగా వచ్చిన బైబిలు వాక్యం యెహోషువ 1:9. ‘ఇంకేం కావాలి, రిజైన్ చెయ్యి, భయపడటం అవిశ్వాసం’ అంటున్నారు మా ప్రార్థన గుంపులో అక్కలు. మావారు మాత్రం వద్దంటున్నారు. ఆరేళ్ల కిందట కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు (బస్తాలు) పెట్టి, ధర పడిపోయి బాగా నష్టపోయాం. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఆయనకు చెప్పకుండా నా బంగారం తాకట్టు పెట్టేద్దామా అనిపిస్తోంది. రాత్రిళ్లు ఒకటే టెన్షన్. నాలో విశ్వాసం లేదా?

జవాబు: విశ్వాసం లేనివాళ్లు రెండేళ్లపాటు ఒకే విషయం పట్టుకుని ప్రార్థన చెయ్యరమ్మా. మీ భయానికి కారణాలున్నాయి. ఒకసారి దెబ్బతిన్న ఇల్లు, ఫీజు కట్టాల్సిన పిల్ల, నెలనెలా వచ్చే జీతం. ఇవన్నీ కళ్లముందు ఉన్నా గుండె అదరకపోతే దాన్ని నేను విశ్వాసం అనను.

మీకొచ్చిన వాగ్దానమే చూద్దాం. ‘నిబ్బరముగలిగి ధైర్యముగా నుండుము’ అని దేవుడు యెహోషువకు చెప్పింది మోషే చనిపోయాక, ఆయన స్థానంలో జనాన్ని నడిపిస్తూ యొర్దాను నది దాటాల్సిన సమయంలో. ఆ మొదటి అధ్యాయంలోనే ఆ మాట మళ్లీ మళ్లీ వస్తుంది. భయం లేని మనిషికి అన్నిసార్లు చెప్పే పనే లేదు. అది విన్నాక యెహోషువ ఏం చేశాడు? ఆహారం సిద్ధం చేసుకోమని జనానికి కబురు పంపాడు. తర్వాత ఇద్దరు వేగులవాళ్లను యెరికోకు పంపి అక్కడి సంగతి కనుక్కున్నాడు. దాన్ని ఎవరూ అవిశ్వాసం అనలేదు.

పర్షియా రాజు భార్య అయిన యూదురాలు ఎస్తేరు సంగతి మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. పిలవకుండా రాజు దగ్గరికి వెళ్తే మరణశిక్ష. అప్పటికి ముప్ఫై రోజులుగా రాజు ఆమెను పిలవలేదు. యూదులను చంపకుండా ఆపమని రాజును వేడుకోమంటూ, ఆమెను పెంచిన మొర్దెకై అడగగానే ఆమె లేచి వెళ్లలేదు. ముందు తన పరిస్థితి ఇదీ అని కబురు పంపింది. ఆయన గట్టిగా చెప్పాక, రాజధాని షూషనులోని యూదులందరినీ తన కోసం మూడు రోజులు ఉపవాసం ఉండమంది, పనికత్తెలతో కలిసి తానూ ఉంది. అప్పుడు ఆమె అన్న మాట, ‘నేను నశించిన నశించెదను’. తప్పకుండా గెలుస్తానని ఆమె ఎక్కడా అనలేదు.

నమ్మినా గెలుస్తామనే హామీ లేదన్న ఈ సంగతి మన సంఘాల్లో తక్కువ మాట్లాడుకుంటాం. సాక్ష్యం చెప్పడానికి గెలిచినవాళ్లే లేస్తారు. దేవుణ్ణి నమ్మి పెట్టిన షాపు మూతపడినవాళ్లు వెనక బెంచీలోనే ఉండిపోతారు. వాళ్లనూ దేవుడు విడిచిపెట్టలేదు. ఈ సర్వీసు నడవకపోయినా దేవుడు నాతోనే ఉంటాడని మీరు మనస్ఫూర్తిగా అనుకోగలిగితే, రాత్రిళ్లు పట్టే టెన్షన్ చాలావరకు దిగుతుంది.

బంగారం విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. మీవారికి తెలియకుండా తాకట్టు పెట్టకండి. బంగారం మీదే కావచ్చు, వడ్డీ కట్టలేని నెల వస్తే ఆ భారం ఇంటిల్లిపాదిదీ. ఎస్తేరు కూడా షూషనులోని తనవాళ్లకు చెప్పే వెళ్లింది. మీ గుంపులో అక్కల మనసు మంచిదే, కానీ ఫీజు కట్టేది వాళ్లు కాదు. ఆలయ శిఖరం మీద నుంచి యేసును దూకమన్నప్పుడు సాతాను చూపించింది కూడా బైబిలు వాక్యమే. ‘ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు’ అని ఆయన దూకలేదు.

మీవారి భయాన్ని కూడా అవిశ్వాసం అనకండి. ఆయన ఒకసారి చెయ్యి కాల్చుకున్నారు. అయితే మిర్చి ధర మీ ఇద్దరి చేతిలోనూ లేదు. ముక్కులోంచి ఆహారం ఇచ్చే రైల్స్ ట్యూబ్ వెయ్యడం, మూత్రం గొట్టం (కాథెటర్) మార్చడం, పుండ్లకు డ్రెస్సింగ్ చెయ్యడం మీ చేతిలో ఉన్న పని. ఈ తేడా ఆయనకు ఓపిగ్గా చెప్పండి. ‘దేవుడు నాతో చెప్పాడు’ అని మాత్రం మొదలుపెట్టకండి. ఆ మాట తర్వాత ఆయన మాట్లాడటానికి ఏమీ మిగలదు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని యేసే అడిగాడు కదా. ఒక నోటు పుస్తకంలో రాసి చూపించండి: అమ్మాయి ఫీజు ముందే పక్కన పెట్టాలి, ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉండాలి, ఇంతకు మించి పోతే ఆపేస్తాం అనే హద్దు ఇద్దరూ కలిసి వేసుకోవాలి. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి.

మీ ఊళ్లోని కుగ్లర్ ఆసుపత్రి మీకు తెలియనిది కాదు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. ఆసుపత్రి తెరుచుకున్నది 1898లో. మధ్యలో ఆమె ఆగిపోలేదు. ఇళ్లకు వెళ్లి, చిన్న డిస్పెన్సరీలో కూర్చుని ఆడవాళ్లకు వైద్యం చేశారు. మీరు కూడా ఉద్యోగంలో ఉంటూనే, ఆసుపత్రి రూల్స్ ఒప్పుకుంటే, సెలవు రోజుల్లో ఒకరిద్దరు పెద్దవాళ్లతో మొదలుపెట్టండి. దానికి తాకట్టు అక్కర్లేదు.

ఇదంతా విని మళ్లీ ఏళ్లకేళ్లు ఆగిపోతారేమోనని కూడా నాకు దిగులుగా ఉంది. యేసు చెప్పిన ఉపమానంలో, యజమాని ఇచ్చిన తలాంతును (డబ్బును) భూమిలో దాచిపెట్టినవాడు చెప్పిన కారణం కూడా ‘భయపడ్డాను’ అనే. ఈ పనికి మీకు చెయ్యి ఉంది, మనసుంది, అవసరంలో ఉన్న ముసలివాళ్లూ ఉన్నారు. కాబట్టి అమ్మాయి పరీక్షలు అయిపోయిన వారంలోనే మీవారితో కూర్చోండి. ఆయన అప్పటికీ వద్దంటే, ఆయన గౌరవించే సంఘ పెద్దనో మీ అన్నయ్యనో పక్కన కూర్చోబెట్టుకుని ఇంకోసారి మాట్లాడండి. నెలనెలా పిలిచే కుటుంబాలు నాలుగు కుదిరాక, ఇద్దరూ ఒక మాట అనుకుని రిజిగ్నేషన్ ఇవ్వండి. ఆ రోజు కూడా భయం వేస్తుంది, అయినా ఇచ్చేయండి.