ప్రాయశ్చిత్తం ‘చేశాడు’, ‘చేసుకున్నాడు’: ఒక్క ‘కొను’తో ఎంత తేడా!

సందేహం: ‘యేసు మన పాపాలకు ప్రాయశ్చిత్తం చేశాడు’ అని చిన్నప్పటి నుంచీ చర్చిలో వింటున్నాను. తప్పు చేసినవాడే కదా ప్రాయశ్చిత్తం చేసుకోవాలి, మధ్యలో ఇంకొకరు చేయడమేమిటి అని మా స్నేహితుడు అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను. అక్కడ ‘పరిహారం’ అనాలా? ఇంకొకటి, ఉచితంగా దొరికిన రక్షణకు కృతజ్ఞతలు ‘చెల్లించడం’ సరైన మాటేనా?

సమాధానం: సగం జవాబు మీ స్నేహితుడి ప్రశ్నలోనే ఉంది. ఆయన ‘చేసుకోవాలి’ అన్నాడు, మీరు చర్చిలో విన్నది ‘చేశాడు’. తెలుగులో క్రియకు ‘కొను’ చేరితే ఆ పని ఫలితం చేసినవాడికే చెందుతుంది. వంట చేశాడు అంటే ఎవరికోసమైనా కావచ్చు, వంట చేసుకున్నాడు అంటే తనకోసమే. వ్యాకరణంలో దీన్ని ఆత్మార్థకం అంటారు. ‘ప్రభువు మా కోసం ప్రాయశ్చిత్తం చేసుకున్నాడు’ అని ఒకసారి ఒకరు ప్రార్థనలో అనగా విన్నాను. ఎంతో భక్తితో అన్న మాటే, కానీ ఆ ‘కొను’ వల్ల పాపం యేసుదే అన్న అర్థం వచ్చేస్తుంది! హెబ్రీయులకు రాసిన పత్రిక 7వ అధ్యాయం చెప్పేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఆ పత్రిక యేసును ప్రధాన యాజకుడిగా, అంటే ప్రజల తరఫున దేవుడికి బలి అర్పించే పెద్ద పూజారిగా చూపిస్తుంది. మిగతా ప్రధాన యాజకులు ముందు తమ సొంత పాపాల కోసం, ఆ తర్వాతే ప్రజల కోసం బలి అర్పించాలి, ఈయనకు ఆ మొదటిదాని అవసరమే లేదు. కాబట్టి ‘చేశాడు’ అనే అనండి.

ప్రాయశ్చిత్తం అన్న మాట సంగతికొస్తే, ‘ప్రాయో నామ తపః ప్రోక్తం, చిత్తం నిశ్చయ ఉచ్యతే’ అని పాతవాళ్లు దానికి అర్థం చెప్పారు. ప్రాయం అంటే తపస్సు, చిత్తం అంటే నిశ్చయం. (రాసేటప్పుడు ‘ప్రాయచ్చిత్తం’ అని రాయకండి, అక్కడ ఉండాల్సింది శ్చ.) అది మామూలుగా తప్పు చేసినవాడు చేసుకునేదే, మీ స్నేహితుడు అన్నదాంట్లో తప్పేమీ లేదు. అయితే చిన్నపిల్లల తప్పుకు పెద్దలు ప్రాయశ్చిత్తం చేయాలని ధర్మశాస్త్రాల్లోనూ ఉంది, అంటే ఒకరి కోసం ఇంకొకరు చేయడం ఈ మాటకు కొత్తేమీ కాదు. తెలుగు బైబిల్లో లేవీయకాండం 16వ అధ్యాయం చూడండి, ఏడాదికోసారి యాజకుడు దేవుని గుడారం లోపలికి వెళ్లి జనమందరి కోసం ప్రాయశ్చిత్తం చేస్తాడు, జనం బయటే ఉంటారు. చర్చిలో మీరు విన్న వాక్యం అక్కడి నుంచి వచ్చిందే.

‘పరిహారం’ తప్పు మాట కాదు, ‘పాపపరిహారార్థ బలి’ అని బైబిల్లోనూ ఉంది. కానీ ఇవాళ ఆ మాట వినగానే నష్టపరిహారం, చెక్కు, ఆఫీసు గుర్తొస్తాయి. విడిగా వాడితే బరువు తగ్గిపోతుంది, అందుకే నేను వాడను.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ‘యేసు మన కోసం బలయ్యాడు’ అనడం ఈమధ్య ఎక్కువైంది. బలైపోవడమంటే తన ఇష్టంతో పని లేకుండా జరిగేది, ప్రమాదానికి బలయ్యాడు, కుట్రకు బలయ్యాడు అంటాం కదా. యోహాను సువార్త 10వ అధ్యాయంలో ఆయన స్వయంగా అన్న మాట ‘ఎవడును నా ప్రాణము తీసికొనడు; నా అంతట నేనే దాని పెట్టుచున్నాను’. అందుకే హెబ్రీయుల పత్రికలో ‘తన్ను తాను అర్పించుకొన్నప్పుడు’ అని వస్తుంది. ఇక్కడ మాత్రం ‘కొను’ ఉండి తీరాలి, ఇచ్చింది తననే కాబట్టి. ప్రాయశ్చిత్తం దగ్గర ‘కొను’ లేదు, అర్పణ దగ్గర ఉంది. నాకు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా గుండె బరువెక్కుతుంది. చేసింది మన కోసం, ఇచ్చింది తనను.

ఇక ‘చెల్లించడం’. అప్పు చెల్లించడం ఒక్కటే మనసులో పెట్టుకుంటే మీ అనుమానం సబబే, ఉచితంగా ఇచ్చినదానికి బిల్లు కట్టినట్టు ఉంటుంది. కానీ మూలం ‘చెల్లు’ అన్న మాట. ‘ఘనత, మహిమ నీకే చెల్లును గాక’ అంటాం. అంటే అవి నీకే తగినవి, నీకే చెందాలి అని. చెల్లించడమంటే ఎవరికి చెందాలో వాళ్లకు చేర్చడం. పైగా కృతజ్ఞత అంటే చేసిన మేలును ఎరిగి ఉండడం, ‘కృత’ చేసినది, ‘జ్ఞ’ ఎరిగినవాడు. ఎరిగి ఉండడానికి ధర కట్టేదెవరు? ప్రార్థనలో పెద్దవాళ్లు ‘కృతజ్ఞతాస్తుతులు చెల్లించుకుంటున్నాం తండ్రీ’ అంటారు, గమనించారా? అక్కడా ‘కొను’ ఉంది, ఈసారి అది మనది.

116వ కీర్తనలో భక్తుడు మీలాగే అడుగుతాడు, ‘యెహోవా నాకు చేసిన ఉపకారములన్నిటికి నేనాయనకు ఏమి చెల్లించుదును?’ అని. ఆ వెంటనే తనే చెప్పే జవాబులో ముందు వచ్చేది ఇవ్వడం కాదు, ‘రక్షణపాత్రను చేత పుచ్చుకొని’ అంటాడు.