విదేశీ విద్యార్థి ఆర్థిక సాయం అడుగుతూ అమెరికా కాలేజీకి ఎర్లీ డెసిషన్ వేయవచ్చా?

మీరు అడిగినవి రెండు. ఏడాదికి 15 వేల డాలర్లకు మించి కట్టలేని కుటుంబం ఎర్లీ డెసిషన్, అదే ఈడీ (సీటొస్తే చేరి తీరతామని ఒప్పుకుని ఒకే కాలేజీకి ముందుగా వేసే దరఖాస్తు), వేయడం సబబేనా? ఎయిడ్, అంటే ఆర్థిక సాయం, అక్కర్లేదని టిక్ పెడితే సీటు తేలిగ్గా వస్తుందా?

ముందు రెండోదాని సంగతి. అలా టిక్ పెట్టకండి. దరఖాస్తుతో పాటు ఎయిడ్ అడగని విదేశీ విద్యార్థికి తర్వాతి సంవత్సరాల్లో కూడా ఇవ్వబోమని చాలా కాలేజీలు రాసిపెట్టుకున్నాయి. స్టాన్‌ఫర్డ్‌లో అయితే ఆ నియమం నాలుగేళ్లకూ వర్తిస్తుంది. సీటొచ్చాక చూసుకుందాంలే అనుకుంటే, వీసాకు కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం కోసం మొదటి ఏడాది ఖర్చంతా చూపించమన్నప్పుడు చేతిలో ఏమీ ఉండదు.

ఇక ఈడీ. నేను ఎయిడ్ అడుగుతూనే ఓ చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీకి ఈడీ వేశాను, సీటు వచ్చింది. కాబట్టి నేను చెప్పేదాంట్లో కొంత మొగ్గు ఉంటుంది, అది తీసేసి చదువుకోండి.

ఈడీలో వచ్చినవాళ్ల శాతం ఎక్కువగా కనిపిస్తుంది కదా అని మీరు రాశారు. ఆ గుంపులో కోచ్‌లు ముందే ఎంచుకున్న క్రీడాకారులు, పూర్వవిద్యార్థుల పిల్లలు చాలామంది ఉంటారు. ఎయిడ్ అడిగే విదేశీ విద్యార్థికి ఆ శాతం వర్తించదు. మీ విషయంలో అసలు చూడాల్సింది ఆ కాలేజీ నీడ్-బ్లైండా, నీడ్-అవేరా అని. నీడ్-బ్లైండ్ కాలేజీలైన హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ విదేశీయుల విషయంలోనూ డబ్బు అడిగారా లేదా అని చూడకుండా ఎంపిక చేస్తాయి. డార్ట్‌మత్, బౌడిన్ 2022లో ఆ పద్ధతి ప్రకటించాయి, బ్రౌన్ 2025లో చేరిన బ్యాచ్ నుంచి మొదలుపెట్టింది. మిగతా పెద్ద పేర్లలో చాలావరకు నీడ్-అవేర్, అంటే మీకివ్వాల్సిన ఎయిడ్ ఎంతన్నది వాళ్ల నిర్ణయంలో ఒక లెక్క. స్టాన్‌ఫర్డ్ కూడా విదేశీయుల విషయంలో అంతే.

నీడ్-అవేర్ కాలేజీల్లో రెండు రకాలున్నాయి. సీటిచ్చినవాళ్లకు తమ లెక్కలో తేలిన అవసరాన్ని పూర్తిగా తీర్చేవి, తీర్చనివి. మీ బడ్జెట్‌తో ఈడీ వేయదగ్గవి మొదటి రకమే. విదేశీయులకు అవసరాన్ని బట్టి ఎయిడ్ అసలే ఇవ్వని యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) లాంటివీ ఉన్నాయి, అక్కడ మెరిట్ స్కాలర్‌షిప్ మీదే ఆశ పెట్టుకోవాలి.

ఒప్పందం భయం గురించి. ఈడీ పత్రం మీద మీరు, తల్లి లేదా తండ్రి, మీ స్కూలు కౌన్సెలర్ సంతకం పెడతారు. అయినా ఇచ్చిన ఎయిడ్‌తో చేరడం సాధ్యం కాకపోతే సీటు వదులుకుని బయటపడే వీలు ఆ ఒప్పందంలోనే ఉంది. పోయేదల్లా వేరే కాలేజీల ఆఫర్లు చూపి బేరమాడే అవకాశం. మార్చిలో నాలుగు కాలేజీల లెటర్లు పక్కపక్కన పెట్టి పోల్చుకునే వీలు ఈడీ వేసినవాళ్లకు ఉండదు. అది మీకు ముఖ్యమైతే ఈడీ వద్దు. ప్రిన్స్‌టన్, యేల్ లాంటి చోట్ల ఉండే ఎర్లీ యాక్షన్‌కు చేరి తీరాలన్న షరతు లేదు. కాకపోతే అవి ఇతర ప్రైవేటు కాలేజీలకు ఎర్లీగా వేయనివ్వవు.

నా ఎయిడ్ లెటర్ వచ్చినప్పుడు ఇంట్లో సంతోషం కంటే టెన్షనే ఎక్కువైంది. మేం కట్టాల్సిందిగా వేసిన మొత్తం మా వల్ల అయ్యేది కాదు. లెక్క తిరగేస్తే, బాబాయిలతో కలిసి ఉమ్మడిగా ఉన్న ఆస్తి మొత్తాన్నీ నాన్నగారిదే అన్నట్టు వేశారు. తాతగారి వైద్యానికి పోతున్న డబ్బు లెక్కలోకి రానేలేదు. ఆస్తి పత్రాలు, ఆసుపత్రి బిల్లులు ఇంగ్లిష్‌లోకి మార్చి, ఒక పేజీ ఉత్తరంతో ఎయిడ్ ఆఫీసుకు పంపాను. బతిమాలలేదు, మేం ఎంత కట్టగలమో అంకె రాశాను. వాళ్లు మళ్లీ లెక్కగట్టి గ్రాంటు, అంటే తిరిగి కట్టక్కర్లేని సాయం, పెంచారు. అందరికీ ఇలా జరుగుతుందని చెప్పలేను కానీ, అడిగినంత మాత్రాన ఇచ్చిన సీటు వెనక్కి తీసుకోరు.

అదే లెటర్‌లో క్యాంపస్ ఉద్యోగం అని ఒక వరుస ఉంటుంది. మా ఇంట్లో అందరూ దాన్ని ఫీజులోంచి తీసేసి చూశారు. నిజానికి అది మీరు పనిచేశాక జీతంగా వస్తుంది. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి చేయడానికి వీల్లేదు. మొదటి సెమిస్టర్ బిల్లు ఆ డబ్బు లేకుండానే కట్టాలి. విమాన టికెట్లు, ఆరోగ్య బీమా ఖర్చులో కలిపారో లేదో కూడా అడిగి తెలుసుకోండి.

కాగితాల పని అక్టోబరులోనే మొదలుపెట్టండి. ఈడీ గడువు ఎక్కువగా నవంబరు 1 లేదా 15, ఎయిడ్ ఫారాల గడువూ దాదాపు అప్పుడే. ఎఫ్ఏఎఫ్ఎస్ఏ అమెరికా ప్రభుత్వ సాయానికి వేసే ఫారం, మనకు సంబంధం లేనిది. చాలా కాలేజీలకు సీఎస్ఎస్ ప్రొఫైల్, అంటే కుటుంబ ఆదాయం, ఆస్తుల వివరాలిచ్చే ఆన్‌లైన్ ఫారం, నింపాలి. మొదటి కాలేజీకి 25 డాలర్లు, ఆపైన ఒక్కోదానికి 16. అది భారమైతే కాలేజీకి మెయిల్ రాయండి, కొన్ని మాఫీ కోడ్ పంపుతాయి, కొన్ని వేరే ఉచిత ఫారం ఇస్తాయి. ఆదాయానికి పన్ను రిటర్నులు లేనివాళ్లు ఏం పంపాలో కూడా ఆ మెయిల్‌లోనే అడిగేయండి.

ఫలితం డిసెంబరు మధ్యలో వస్తుంది. రెగ్యులర్, అంటే మామూలు దరఖాస్తుల, గడువులు ఎక్కువగా జనవరి మొదట్లోనే కాబట్టి మిగతా కాలేజీల వ్యాసాలు అప్పటికే రాసి ఉంచుకోవాలి. సీటొచ్చినా ఎయిడ్ లెటర్ చూసి ఒప్పుకునేదాకా మిగతా దరఖాస్తులు వెనక్కి తీసుకోకండి. రాకపోతే జనవరిలో కొన్ని కాలేజీల్లో ఈడీ-2, అంటే రెండో విడత ఈడీ, ఉంటుంది, దానికీ ఈ షరతులే.