గాలితో చల్లబడే ఇంజను పడవకు పనికొస్తుందా?

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గరి పల్లె. మైలవరం జలాశయంలో వలలు వేసుకుని బతుకుతున్నాము. ప్లైవుడ్డుతో 16 అడుగుల పడవను ఇంట్లోనే కట్టుకున్నాను. దానికి పాత మోటారుసైకిలు ఇంజను బిగిద్దామని మా బావమరిది అంటున్నాడు. నాకేమో తోటలో నీళ్లు తోడే 5 హార్స్‌పవరు పెట్రోలు ఇంజను మేలనిపిస్తోంది. ఏది మంచిది? గుండ్రని బుట్టలాంటి పుట్టికి కూడా ఇంజను బిగించవచ్చా?
— ఒక పాఠకుడు, కడప జిల్లా

జవాబు: మీ ఆలోచనే సరైనది. మోటారుసైకిలు ఇంజనుకు బండి పరుగులో ఎదురుగా తగిలే గాలే ఆధారం కనుక, నెమ్మదిగా సాగే పడవలో అది త్వరగా వేడెక్కుతుంది. నీళ్లు తోడే ఇంజనులో ఫ్లైవీలుకే (ఇంజనుతో పాటు తిరిగే బరువైన చక్రానికే) ఫ్యాను ఉండి, సిలిండరు చుట్టూ ఉన్న పలుచని రెక్కల మీదికి గాలిని తోలుతుంది కాబట్టి పడవ కదిలినా నిలిచినా దానికి ఒకటే. నీళ్లు చిమ్ముతాయని దాన్ని రేకు డబ్బాలో మాత్రం మూయకండి. పైన చిన్న గొడుగురేకు చాలు. వలనారో ఎండుగడ్డో ఫ్యాను జాలీకి చుట్టుకుందేమో రోజూ చూసుకోండి.

అసలు చిక్కు వాలుతో వస్తుంది. ఈ ఇంజన్లలో చాలావాటికి ఆయిలు పంపు ఉండదు. అడుగున ఉన్న ఆయిలును కనెక్టింగ్ రాడ్డు కొసన ఉండే చిన్న గరిటె చిమ్ముతుంది. పడవను తోసే పంకాను తిప్పే పొడవాటి కడ్డీని, అంటే షాఫ్టును, వెనక నీటిలోకి వాల్చినప్పుడు ఇంజను కూడా దాదాపు 20 డిగ్రీలకు మించి వాలిందంటే, గరిటెకు ఆయిలు అందక బేరింగులు పట్టేస్తాయి. అందువల్ల షాఫ్టు నీటిలో ఉన్నప్పుడు ఇంజను మట్టంగా నిలిచేలా ఫ్రేము వెల్డింగు చేయించుకుని, షాఫ్టును పైకెత్తేముందు ఇంజను ఆపండి. షాఫ్టు తిరిగే పైపులోని బుష్‌లకు గ్రీజు తప్పనిసరి.

5 హార్స్‌పవరు కంటే పెద్ద ఇంజను వృథా. 16 అడుగుల పడవ, నీటిని చీల్చుకుపోయే తరహాది, గంటకు 10 కిలోమీటర్లు దాటాలంటే పెట్రోలు అలలు లేపడానికే పోతుంది.

పుట్టి సంగతి మరచిపోండి. దానికి ముందూ వెనుకా లేవు. ఒక పక్క నుంచి తోస్తే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది.

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది, పడవ అడుగున చేరి నిలుస్తుంది. కనుక ట్యాంకును ఒడ్డునే, ఇంజను చల్లారాక నింపుకోండి, బీడీ ముట్టించేవారిని దూరంగా ఉంచండి.